చెట్టెక్కే తాడు, బెల్టు: కొనడం నుంచి దిగేదాకా

కొబ్బరి దింపుకైనా, మామిడి కొమ్మలు కొట్టించడానికైనా, తుఫాను తర్వాత వేలాడే కొమ్మలు తీయడానికైనా ఒకే ప్రశ్న వస్తోంది: "ఏ తాడు కొనాలి, ఎలా వాడాలి?" దీనికి మొదటి నియమం ఒక్కటే. మనిషిని మోసే తాడు వేరు, కొమ్మను మోసే తాడు వేరు. ఈ రెండూ ఒక్కటే అయిన చోట మిగతా జాగ్రత్తలన్నీ సగం పనికిరాకుండా పోతాయి.

చదివి నేరుగా పెద్ద చెట్టెక్కవద్దు. కింద చెప్పిన ముడులూ పద్ధతులూ అన్నీ రెండు మీటర్ల ఎత్తున్న కొమ్మ మీద, తెలిసిన మనిషి పక్కన ఉండగా, చేతికి అలవాటయ్యేదాకా చేయండి.

## 1. ముందు చెట్టును చూడండి

తాడు ఎంత గట్టిదైనా, దాన్ని కట్టిన కొమ్మ గట్టిది కాకపోతే లాభం లేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కింద నుంచి పైకి చూడండి.

మొదలు: మట్టి పగుళ్లిచ్చిందా, ఒకవైపు వేర్లు పైకి లేచాయా? మొదట్లో పుట్టగొడుగుల్లాంటి గట్టి గొడుగులు కనిపిస్తే లోపల కుళ్లు ఉన్నట్టే. కొబ్బరి మొదలు దగ్గర పగుళ్లలోంచి ఎర్రగోధుమ రంగు జిగురు కారుతుంటే గానోడెర్మా తెగులు కావచ్చు. అలాంటి చెట్టెక్కవద్దు.

మాను: కర్ర సుత్తితో అడుగడుక్కూ కొట్టండి. గట్టి మాను "ఠంగు"మంటుంది, డొల్ల మాను డప్పులా మోగుతుంది. కొబ్బరి మాను మీద రంధ్రాలు, వాటిలోంచి నమిలిన పీచు, పులిసిన వాసన ఉంటే ఎర్రముక్కు పురుగు లోపలుంది. పైకి పచ్చగా ఉన్న తల కూడా ఒక్కసారిగా విరిగిపడుతుంది.

పైభాగం: ఎండు కొమ్మలు, విరిగి ఇరుక్కున్న కొమ్మలు, తేనెపట్టు, కందిరీగల గూడు, మామిడిలో చీమల ఆకుగూళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడ్డాక వంగి నిలిచిన కొబ్బరి చెట్లు ఇంకా కొన్ని తోటల్లో ఉన్నాయి. వంగిన చెట్టెక్కాల్సి వస్తే వంపు పైవైపు నుంచే ఎక్కాలి. వేరు కదిలినట్టుంటే ఎక్కడమే వద్దు.

చెట్టు జాతి కూడా చూడాలి. చింత కొమ్మ వంగుతుంది, చప్పున తెగదు. మునగ, నేరేడు, గుల్‌మొహర్, నిద్రగన్నేరు కొమ్మలు చూపుకు లావుగా ఉన్నా పెళుసు. జీడిమామిడి కూడా అంతే. ఈ చెట్లలో తాడు వేసే కొమ్మ మామిడిలో ఎంచుకునేదానికంటే లావుగా, మానుకు దగ్గరగా ఉండాలి.

కరెంటు తీగ: చెట్టుకు గానీ, పడబోయే కొమ్మకు గానీ, మీ చేతిలోని గెడకు గానీ మూడు మీటర్లలోపు తీగ ఉంటే పని మొదలుపెట్టవద్దు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ ఆపి పనిచేయడానికి అనుమతి) తీసుకుని, సరఫరా ఆగిందని స్వయంగా చెప్పాకే ఎక్కండి. కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ నంబరు 1912. పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది, తడిసిన తాడులోంచి కూడా.

## 2. మనిషిని మోసే తాడు

మన దగ్గర సులువుగా దొరికేవి నాలుగు: కొబ్బరి తాడు, జనుము తాడు, లారీకి కట్టే నైలాన్ తాడు, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో వేట పడవలకు వాడే నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ తాడు. నాలుగింట్లో ఏదీ మనిషిని మోసేది కాదు.

కొబ్బరి, జనుము తాళ్లు తేమకు లోపల కుళ్లుతాయి, పైకి కనిపించదు. పడవ తాడు ఎక్కువగా పాలీప్రొపిలీన్. అది నీళ్లలో తేలుతుంది కాబట్టి వేటకు మంచిది. కానీ సుమారు 165 డిగ్రీల వేడికే కరుగుతుంది, ఎండకు త్వరగా పెళుసవుతుంది. తాడు మీద తాడు రాసుకుంటూ జారే పనిలో ఆ వేడి పుట్టడానికి ఎక్కువసేపు పట్టదు. పాలిస్టర్ అయితే సుమారు 250 డిగ్రీలు దాటాలి. లారీ తాడుకు ఎంత బరువు మోస్తుందో రాసిన చీటీ ఉండదు, ఎన్నేళ్ల కిందటిదో తెలియదు.

కొనాల్సింది ఇది:

- లోపల గుజ్జు పాయలు, పైన అల్లిన తొడుగు ఉన్న తక్కువ సాగే తాడు, లేదా చెట్టు పనికే అల్లిన పాలిస్టర్ తాడు.
- చీటీ మీద ఈఎన్ (యూరప్ ప్రమాణం) 1891, టైప్ ఎ అని ఉండాలి. దీని కనీస తెగే బలం 22 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,200 కిలోల బరువు. చెట్టు పనికని అమ్మే తాళ్లకు 24 కిలోన్యూటన్లు అడగండి.
- మందం 11 నుంచి 13 మి.మీ. కొత్తవాళ్లకు 12 లేదా 13. సన్నని తాడు చేతికి పట్టు దొరకదు.
- తయారీ సంవత్సరం ఉండాలి. చీటీ లేని తాడు ఎంత చవకైనా వద్దు.

80 కిలోల మనిషికి 2,200 కిలోల తాడెందుకని అడుగుతారు. ముడి వేయగానే తాడు బలంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోతుంది. రాపిడి, ఎండ, తడి ఇంకొంత తింటాయి. నైలాన్ తడిస్తే పది పదిహేను శాతం బలం తగ్గుతుంది. పైగా రెండడుగులు జారి ఆగినా తాడు మీద పడే కుదుపు మీ బరువుకు ఎన్నో రెట్లు. తక్కువ సాగే తాడు ఆ కుదుపును మింగదు, నేరుగా నడుముకు ఇస్తుంది. అందుకే ఈ తాడు మీద పనిచేసేటప్పుడు ఒక్క అడుగు కూడా సడలు ఉంచకూడదు.

కొండలెక్కేవాళ్లు వాడే బాగా సాగే తాడు, ఈఎన్ 892 రకం, చెట్టు మీద కూర్చుని పనిచేయడానికి కుదరదు. చేయి చాపిన ప్రతిసారీ కిందికీ మీదికీ ఊగిస్తుంది.

పొడవు లెక్క: తాడు వేసే కొమ్మ ఎత్తుకు రెండింతలు, దానికి ముడులకూ పక్క కొమ్మల మీదికి వెళ్లడానికీ మరో 8 నుంచి 10 మీటర్లు. గజపతినగరం వైపు పాత మామిడిలో తాడు 10 మీటర్ల ఎత్తున వేస్తే 20, పైన 10, మొత్తం 30 మీటర్లు. పెద్ద చింతకు 45 మీటర్ల తాడు ఉండాలి.

## 3. బెల్టు, కొక్కేలు, చిన్న సామాను

కట్టడం పనుల దుకాణాల్లో దొరికే బెల్టుతోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. దాని మీద ఐఎస్ 3521 అని ఉంటుంది, అది మంచి ప్రమాణమే. కానీ చాలావాటికి వీపు వెనక ఒక్క రింగే ఉంటుంది. ఆ రింగు పడినప్పుడు ఆపడానికి, కూర్చుని పనిచేయడానికి కాదు. దాన్ని పట్టుకుని వేలాడితే మనిషి ముందుకు వంగిపోయి చేతులు చెట్టుకు అందవు.

చెట్టు పనికి బొడ్డు దగ్గర ముందు రింగు, నడుముకు రెండువైపులా పక్క రింగులు, రెండు తొడలకు పట్టీలు కావాలి. ముందు రింగు బెల్టుకు ఈఎన్ 813, పక్క రింగులకు ఈఎన్ 358 అని ఉంటుంది. తొడ పట్టీలు లేకుండా నడుముకు మాత్రమే చుట్టే పాత బెల్టు వాడకండి. పడితే అది పొట్టలోకి నొక్కుకుంటుంది, లేదా చంకల్లోకి ఎగబాకుతుంది.

బెల్టుతో వచ్చే కుదుపు మింగే తాడు గురించి కూడా తెలియాలి. తాడు 2 మీటర్లు, విచ్చుకునే పట్టీ 1.75 మీటర్లు, మీ కాళ్ల దాకా 1.5, అదనంగా 1. మొత్తం ఆరు మీటర్లు దాటింది. అంతకంటే తక్కువ ఎత్తులో అది ఆపేలోపే నేల తగులుతుంది.

సరిగా వేసుకున్నారా అని ఇలా చూడండి: నడుము పట్టీ తుంటి ఎముక పైన ఉండాలి, రెండు చేతులతో కిందికి లాగినా తుంటి మీదుగా జారకూడదు. తొడ పట్టీలో నాలుగు వేళ్లు బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరకూడదు.

మిగతా సామాను:

- కారబైనర్లు, అంటే మూసుకునే లోహపు కొక్కేలు, కనీసం నాలుగు. తాళం దానంతటదే పడేవి, తెరవాలంటే మూడు కదలికలు కావాల్సినవి. ఒక్క స్ప్రింగు మీద మూసుకునే కొక్కెం కొమ్మకు తగిలితేనే తెరుచుకుంటుంది.
- నడుము తాడు: 3 నుంచి 4 మీటర్లు, పొడవు సర్దుకునేది. యంత్ర రంపం వాడితే లోపల ఉక్కు తీగ ఉన్నది.
- బిగింపు ముడికి 8 మి.మీ. సన్న తాడు. ఈఎన్ 564 అని ఉంటే దాని బలం కనీసం 12.8 కిలోన్యూటన్లు. వేడికి తట్టుకునే రకం దొరికితే అదే తీసుకోండి.
- గదవ కింద పట్టీ ఉన్న హెల్మెట్. పట్టీ లేనిది తల వంచగానే ముందు కిందికి చేరుతుంది.
- విసురు దారం 2 మి.మీ., 50 మీటర్లు. దానికి 250 నుంచి 400 గ్రాముల సీసపు గుళికల సంచి.
- ఒర ఉన్న చేతి రంపం, కళ్లద్దాలు, చేతి తొడుగులు.

కారబైనర్ బరువు ఎప్పుడూ దాని పొడవు వెంట పడాలి. అడ్డంగా పడితే బలం మూడో వంతుకు తగ్గుతుంది. కొమ్మకు ఆనించి మడత పడేలా కూడా పెట్టవద్దు.

## 4. మూడు ముడులు, చీకట్లో కూడా వేయగలిగేలా

ఎనిమిది ముడి. తాడు చివర ఒక మీటరు వెనక్కి మడిచి జంట చేయండి. ఆ జంటను తన మీదుగా ఒకసారి అడ్డంగా వేసి, వెనక నుంచి చుట్టి తెచ్చి, మొదట ఏర్పడ్డ కన్నంలోంచి బయటికి తీయండి. పైనుంచి చూస్తే ఎనిమిది అంకె కనిపించాలి. రెండు పాయలూ మొదలు నుంచి చివరదాకా పక్కపక్కనే నడవాలి, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. నాలుగు పోగులనూ ఒక్కొక్కటిగా లాగి బిగించండి. మిగిలే తోక కనీసం 15 సెంటీమీటర్లు. దీన్ని కారబైనర్‌తో ముందు రింగుకు తగిలిస్తారు.

బిగింపు ముడి. సన్న తాడు 1.6 మీటర్లు తీసుకుని రెండు కొసలను జంట జాలరి ముడితో కలిపి చక్రంలా చేయండి. ప్రతి కొసా ఎదుటి తాడు చుట్టూ రెండు చుట్లు తిరిగి తన చుట్లలోంచే బయటికి రావాలి. తోకలు 8 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇప్పుడు ఈ చక్రాన్ని పెద్ద తాడు వెనక పెట్టి, ముడి ఉన్న వైపును చక్రంలోంచి దూర్చి తాడు చుట్టూ తిప్పండి. అలా మూడుసార్లు, ప్రతిసారీ ముందు చుట్టుకు లోపలివైపు. చివరికి మూడు చుట్లు పైన, మూడు కింద, మధ్యలోంచి రెండు పోగులు బయటికి వస్తాయి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విప్పి మళ్లీ వేయండి. బరువు పడితే ఇది పట్టుకోవాలి, బరువు తీసి చేత్తో తోస్తే జారాలి.

ఆపు ముడి. తాడు కింది కొసకు వేసే లావు ముడి. ఎనిమిది ముడి ఒంటి పాయతో వేసినా చాలు. ఇది లేకుండా దిగితే తాడు పొట్టిగా ఉన్న రోజు బిగింపు ముడి కొస దాటి జారిపోతుంది. అర నిమిషం పని, మరిచిపోయేదీ ఇదే.

## 5. తాడును పైకి పంపడం

1. కొమ్మ ఎంచుకోండి. పచ్చిది, తాడు ఆనే చోట కనీసం 10 సెంటీమీటర్ల మందం, మానుకు దగ్గరగా, పంగలో పడేలా.
2. విసురు దారాన్ని చుట్టలుగా కాకుండా ప్లాస్టిక్ టబ్బులో పోసినట్టు వదలండి. చుట్టలు చుడితే గాల్లోనే చిక్కుపడుతుంది.
3. హెల్మెట్ పెట్టుకోండి. సంచి తిరిగి వచ్చి తల మీద పడుతుంది. ఎదుట ఎవరూ ఉండకూడదు.
4. సంచిని కాళ్ల మధ్య రెండుసార్లు ఊపి, మూడోసారి కొమ్మకు రెండడుగులు పైకి గురిచూసి వదలండి.
5. రెండు మూడు కొమ్మల మీద పడితే ఆ దారంతో ఎక్కవద్దు. సంచిని నెమ్మదిగా వెనక్కి లాగి, కావాల్సిన కొమ్మ మీద మాత్రమే మిగిలేలా చేయండి. పది నిమిషాలు పట్టినా ఫరవాలేదు.
6. దారానికి తాడు కొసను కట్టి లాగండి. రెండు పాయలూ నేలకు చేరాలి.
7. ఇద్దరు మనుషులు రెండు పాయలూ కలిపి పట్టుకుని, కుదపకుండా, పూర్తి బరువు వేసి వేలాడండి. చిటపట శబ్దం వచ్చినా, కొమ్మ కదిలినా వేరే కొమ్మ చూడండి.

తాడు నేరుగా బెరడు మీద రాసుకుంటే మామిడి బెరడు లేచిపోయి బంక కారుతుంది, ఆ గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది. తాడు తొడుగూ అరుగుతుంది. రెండు రింగులున్న పట్టీని కొమ్మకు వేసి తాడును ఆ రింగుల్లోంచి పోనివ్వడం మంచిది.

## 6. ఎక్కే వరుస

1. తాడు ఒక కొస ఎనిమిది ముడితో ముందు రింగుకు. రెండో పాయ మీద బిగింపు ముడి, దాన్నీ కారబైనర్‌తో ముందు రింగుకు. రెండో పాయ కొసకు ఆపు ముడి.
2. నేలకు అర మీటరు ఎత్తులో పూర్తిగా కూర్చుని రెండుసార్లు ఊగండి. ముడి పట్టిందా, పట్టీలు ఎక్కడైనా జారాయా చూసుకోండి. తప్పు తెలియాల్సింది ఇక్కడే.
3. కింద ఉన్న మనిషి ముడులన్నీ చేత్తో తాకి చూడాలి. మీ కళ్లకు మీ తప్పు కనబడదు.
4. ఎక్కుతూ ప్రతి అడుక్కీ బిగింపు ముడిని పైకి తోయండి. ముడి ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి.
5. కొమ్మలు దాటాల్సి వస్తే ముందు నడుము తాడు కొత్త చోట వేసి, బరువు దాని మీద వేశాకే పెద్ద తాడు విప్పండి. ఒక్క క్షణం కూడా ఏ తాడూ లేకుండా ఉండకూడదు.
6. మీరు కట్టుకున్న చోటుకంటే పైకి ఎక్కవద్దు. పైకి పోవాలంటే ముందు తాడు పైకి పోవాలి.

దిగేటప్పుడు నెమ్మది. వేగంగా జారితే సన్న తాడు పైపొర కరిగి గాజులా మెరుస్తుంది, మరునాటి నుంచి అది పట్టదు.

## 7. కొబ్బరి, తాడి చెట్లు వేరు

కొబ్బరికి కొమ్మ లేదు కాబట్టి పైన చెప్పిన పద్ధతి కుదరదు. కవిటి, సోంపేట తోటల్లో అలవాటైన మోకు, కాలి బందం ఎక్కడానికి మంచివే. కానీ కాలు జారితే మోకు ఒక్కటే ఆపలేదు. అందుకని మోకుతో పాటు బెల్టు పక్క రింగులకు రెండు నడుము తాళ్లు తగిలించండి. ఒకటి మాను చుట్టూ ఉండగానే రెండోదాన్ని పైకి జరపండి. పైకి చేరాక ఒకదాన్ని మానుకు రెండు చుట్లు వేసి బిగించండి. ఒక్క చుట్టు నున్నని మాను మీద జారుతుంది.

మానుకు తీగ చుట్టి, కాళ్లతో తొక్కుతూ ఎక్కే చెంబేరి రకం యంత్రం వాడేవాళ్లకు: తీగ చుట్టును కింది లావుకు సర్ది, మాను పైకి సన్నబడే కొద్దీ మళ్లీ మళ్లీ సర్దాలి. వదులుగా ఉన్న తీగతోనే పైదాకా పోవడం ఎక్కువమంది చేసే తప్పు. యంత్రం మీద నిలబడినా నడుము తాడు మానుకే ఉండాలి, యంత్రానికి కాదు. వాన పడి నాచు తడిసిన మాను మీద రెండూ వద్దు.

తలకు చేరాక మట్టలను పట్టుకుని లేవవద్దు. ఎండు మట్ట చేతిలోకి ఊడి వస్తుంది. చేయి పెట్టే ముందు గెడతో తట్టి చూడండి, గూళ్లు, పాములు, ఎలుకలు అక్కడే. కోయని తాడిచెట్టు ఎండాకుల గుబురు కిందికి దూరవద్దు. ఆ గుబురు ఒక్క ముద్దగా జారి మనిషిని మానుకు నొక్కేస్తుంది.

## 8. కోసేటప్పుడు

రంపం చేతిలోకి తీసుకునేముందు రెండు తాళ్లు: పెద్ద తాడు, నడుము తాడు. రెండూ వేర్వేరు చోట్ల. రంపం ఒక తాడు తెంపినా రెండోది పట్టుకుంటుంది.

కొమ్మను మూడు కోతల్లో తీయండి. మానుకు ఒక అడుగు దూరంలో కింద నుంచి మందంలో నాలుగో వంతు. దానికి కాస్త అవతల పైనుంచి పూర్తిగా. చివరికి మిగిలిన మోడును, అది మానుకు కలిసే చోటి మెడ ఉబ్బు దెబ్బతినకుండా. కింది కోత వేయకపోతే కొమ్మ బెరడును చీల్చుకుంటూ మీ నడుము తాడు వైపే వస్తుంది.

కొమ్మను తాడుతో దింపాల్సి వస్తే ఆ తాడు వేరే రంగుది ఉండాలి. దాని తెగే బలంలో పదో వంతుకు మించి బరువు వేయవద్దు. ఒకసారి కొమ్మను ఆపిన తాడు మళ్లీ మనిషిని మోయకూడదు.

## 9. తప్పులు, దిద్దుబాట్లు

- బిగింపు ముడి జారుతోంది: సన్న తాడు మరీ లావు, లేదా తడి. 12 మి.మీ. తాడు మీద 8 మి.మీ. కంటే లావు వద్దు. ఇంకో చుట్టు వేసి కింద పరీక్షించండి.
- ముడి బిగుసుకుని కదలదు: కొమ్మ మీద కాలు పెట్టి బరువు తీసేసి, ముడి మధ్యనున్న అడ్డపోగును బొటనవేలితో వెనక్కి తోయండి. కత్తి పెట్టవద్దు.
- తాడు కిందికి రావడం లేదు: ముందు ఆపు ముడి విప్పారా? చాలాసార్లు అదే పంగలో ఇరుక్కుంటుంది.
- కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి: తొడ పట్టీ బిగుతు. కిందికి దిగి సర్దండి, పైన సర్దవద్దు.

## 10. కింద మనిషి

ఒంటరిగా ఎక్కవద్దు. కింద ఉన్న మనిషికి ఎక్కడం వచ్చి ఉండాలి, అతని దగ్గర రెండో బెల్టు, రెండో తాడు ఉండాలి. చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం వరకు పిల్లల్నీ పశువుల్నీ రానివ్వకూడదు.

స్పృహ తప్పి బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లు కదలక నెత్తురు వాటిలోనే నిలిచిపోతుంది. 108కి ఫోన్ చేయించి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా దింపండి. స్పృహలో ఉంటే తాడుతో కాలికి ఒక మెట్టులా వేసి నిలబడమనండి.

నేల మీది నుంచి లేచే ముందు:

- తీగ దూరం చూశారా, ఎల్‌సీ ఉందా
- కొమ్మ మీద ఇద్దరి బరువు వేశారా
- ఎనిమిది ముడి, తోక 15 సెం.మీ.
- బిగింపు ముడి చుట్లు వరుసగా ఉన్నాయా
- కొసకు ఆపు ముడి
- కారబైనర్లన్నీ తాళం పడ్డాయా, వేలితో నొక్కి చూశారా
- హెల్మెట్ పట్టీ
- కింది మనిషి తాకి చూశాడా, ఫోన్ సిగ్నల్ ఉందా

## 11. తనిఖీ, నిల్వ, పారేయడం

ప్రతి పనికి ముందు తాడును మూరెడు మూరెడుగా వేళ్లతో నొక్కుతూ జరపండి. కళ్లకు కనపడని మెత్తదనం వేళ్లకు తెలుస్తుంది. ప్రతి చోటా చిన్న గుండ్రంగా వంచండి. ఒకచోట గుండ్రం రాకుండా చదునుగా మడత పడితే లోపలి గుజ్జు దెబ్బతింది. తొడుగు తెగి లోపలి తెల్లపోగులు కనిపించినా, మెరుస్తూ గట్టిపడినా ఆ తాడు పని అయిపోయింది.

పూసపాటిరేగ, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం ఊళ్లలో ఉప్పుగాలి కారబైనర్ల స్ప్రింగుల్ని తింటుంది. వారానికోసారి మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టండి. తాడు మాసిపోతే సబ్బు పౌడరు కాదు, తేలికపాటి సబ్బునీళ్లు. ఎండలో ఆరేయవద్దు.

నిల్వ చేసే చోటు గురించి పట్టుబట్టి చెప్పాలి. చాలా ఇళ్లలో తాడు ఎరువుల బస్తాల పక్కన, డీజిల్ డబ్బా మీద, పాత బ్యాటరీ పక్కన ఉంటుంది. బ్యాటరీ ఆమ్లం చుక్క పడితే నైలాన్ లోపలే తినేస్తుంది, పైకి మరక కూడా ఉండకపోవచ్చు. గుడ్డ సంచిలో వేసి, ఎలుకలకు అందకుండా కొక్కేనికి వేలాడదీయండి.

పట్టీలు, తాళ్లు వాడకపోయినా తయారైన పదేళ్ల తర్వాత వాడవద్దని చాలా కంపెనీలు రాస్తాయి. రోజూ పనిచేసే తాడు అంతకు చాలా ముందే అయిపోతుంది. గట్టిగా పడి ఆగిన తాడు, బెల్టు ఆ రోజుతోనే సరి.

పారేసేటప్పుడు తాడును మీటరు ముక్కలుగా కోసేయండి. పొడవుగా వదిలేస్తే అది ఆవు పగ్గం అవుతుంది, ఆర్నెల్ల తర్వాత ఎవరో దాన్ని విప్పి నడుముకు కట్టుకుని చెట్టెక్కుతారు.